పెంపుడు మేకపోతు పిల్ల: రాత్రంతా అరుపులు, పగలంతా కుమ్ముళ్లు. ఒక్కదాన్నే పెంచొచ్చా?

పాతూరు_నాయన (అనంతపురం):

అందరికీ నమస్తే. మా అత్తగారి ఊరు శింగనమల దగ్గర. అక్కడ మందలో ఒక మేక రెండు పిల్లల్ని వేసి ఒకదాన్ని దగ్గరికి రానివ్వలేదు, పొదుగు దగ్గరికి పోతే చాలు తన్నడమే. బతకదులే అని వాళ్లు వదిలేస్తుంటే మా పాప ఏడ్చి గోల చేసి ఇంటికి తెప్పించింది. పాలపీక పెట్టి పెంచాం, ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. పోతు పిల్ల. నల్లగా ఉంటాడు కాబట్టి పేరు నల్లోడు.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు వచ్చిన బాధలు చెప్తా. వెనకాల రేకుల కొట్టంలో కట్టేస్తే రాత్రి ఎవరైనా పోయి పక్కన కూర్చునేదాకా అరుస్తాడు, అదీ మామూలు అరుపు కాదు, ఎవరో చంటిబిడ్డను గిచ్చుతున్నట్టు, పక్కింటాయన రెండుసార్లు గోడ మీద నుంచి తొంగిచూశాడు. పగలు వదిలితే పక్కింటి కారు బానెట్ మీద నిలబడతాడు. నల్లోడు చిన్నగా ఉన్నప్పుడు మా అబ్బాయి వాడి నుదుటికి అరచెయ్యి ఆనించి నెట్టి ఆడుకునేవాడు, ముద్దుగా ఉండేది, ఇప్పుడు వెనక కాళ్ల మీద లేచి వచ్చి గుద్దుతున్నాడు, మా అమ్మ మోకాలికి తగిలి వాచింది. వేపమండ కోసుకొచ్చి వేస్తే నాలుగు ఆకులు తిని మిగతాది తొక్కేస్తాడు, కింద పడింది చచ్చినా ముట్టడు, కానీ గోడ మీద పోస్టర్, పాప నోటు పుస్తకం, మా ఆవిడ చీర కొంగు మాత్రం పరమాన్నం. మా అమ్మ రోజూ మిగిలిన సంగటి, అన్నం, ఒక్కోసారి పులిసిన దోశె పిండి కూడా పెడుతుంది, ఆవురావురుమని తింటాడు.

ఇంకోటి. మా చిన్నాయన వచ్చి చూసి "వచ్చే దేవరకు సరిగ్గా అందుకుంటాడు" అన్నాడు, అంటే ఊరి అమ్మవారి జాతరలో బలికి, అదీ పాప వింటుండగానే. అప్పట్నుంచి అది స్కూలుకు పోయేటప్పుడు వెనక గేటుకు తాళం వేసి చెవి బ్యాగులో పెట్టుకుని పోతోంది. మేం మధ్యాహ్నం గోడ దూకి పోయి వాడికి నీళ్లు పెడుతున్నాం.

అడగాల్సింది మూడే. ఒక్కదాన్ని పెంచడం కుదురుతుందా? ఈ కుమ్మడం మానుతుందా, లేక విత్తులు కొట్టించాల్సిందేనా (అంటే ఎదకు పనికిరాకుండా చేయించడం)? సూదులు ఏమేం వేయించాలి?

గుట్టకింద_మంద (కళ్యాణదుర్గం దిక్కు):

అన్నా, అరుపు గురించి ముందు చెప్తా, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మేక ఒంటరిగా ఉండే జీవం కాదు. మంద వదిలి పక్కకు పోయిన మేక అరుస్తుంది, మంద బదులు పలుకుతుంది, ఆ బదులు పట్టుకుని వెనక్కి వస్తుంది. మీవాడు పుట్టినప్పటి నుంచి చూసింది మిమ్మల్నే, కాబట్టి వాడి మంద మీరే. రాత్రి తలుపేసుకుని మంద మొత్తం లోపలికి పోతే వాడు పిలవడా మరి? గారాబం అనుకుంటున్నారేమో, అది భయం. చీకట్లో ఒంటరిగా దొరికిన మేక నక్కకో కుక్కకో పోతుందని దాని రక్తంలోనే ఉంటుంది, అనంతపురంలో నక్క లేదని దానికి ఎవరు చెప్పాలి.

దీనికి మందు ఒకటే, ఇంకో మేక. రేడియో పెట్టండి, బల్బు వేయండి, గోనెసంచి కప్పండి అని చాలామంది చెప్తారు. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు.

కింద పడింది తినకపోవడం ఎచ్చులు కాదన్నా. గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది, మేక తల ఎత్తి కొమ్మ మేస్తుంది. మండను కట్టగట్టి వాడి తల కంటే కాస్త ఎత్తున గుంజకు వేలాడదీయండి, ముందర కాళ్లు ఎత్తి అందుకునేంత ఎత్తు, పుల్ల మిగలదు. పెంటికలు, ఉచ్చ తగిలిన మేత ముట్టకపోవడం మంచిదే, నట్టలు, అంటే కడుపులో పురుగులు, ఎక్కేది ఆ దారినే. నీళ్ల తొట్టి కూడా నేల మీద పెట్టొద్దు, ఒక్క పెంటిక పడిందంటే ఆ నీళ్లు తాగడు, దాహంతోనే ఉంటాడు గానీ తాగడు. మన ఎండలకు అది ప్రమాదం.

పోస్టర్ సంగతి తేలిక, అంటించేది మైదా గంజితో కదా, వాడికి కావాల్సింది గంజి. చీర కొంగు తినడానికి కాదు, మనం చేత్తో తడిమి చూసినట్టు మేక పెదాలతో తడిమి చూస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, పురికొసలు మాత్రం అందకుండా చూడండి, కడుపులో చుట్టుకుని ఉండిపోతాయి, పైకి ఏమీ కనపడదు, మేక చిక్కిపోతూ ఉంటుంది అంతే.

సీమ_కుర్రోడు (ప్రొద్దుటూరు):

నాలుగో నెలంటే మాంచి లేత మీద ఉంటాడు. సంగటి మీరు వాడికి పెట్టడం ఏందన్నా, వాణ్నే సంగటిలోకి పెట్టుకోవాల గానీ 😄

మిద్దెమీద_మేకలు (కర్నూలు):

పై ఆయనకు: ఆ జోకు మాకు బక్రీదుకు, దేవరకు, పెళ్లికి, ప్రతి ఆదివారానికి ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు, కొత్తదేమైనా ఉంటే చెప్పండి.

నల్లోడి నాయన గారూ, మాకు రెండున్నాయి, రెండూ విత్తులు కొట్టించిన పోతులే, వెనక పెరట్లో ఉంటాయి, పేరు మిద్దెమీద అని పెట్టుకున్నానే గానీ మెట్లకు గేటు పెట్టించాక పైకి రావడం మానేశాయి. రాత్రి అరుపు మా ఇంట్లో లేదు, ఒకదానికొకటి ఆనుకుని పడుకుని నెమరేసుకుంటూ ఉంటాయి. అందుకే మంద అన్న చెప్పిన మాటే నాదీ. రెంటికి ఖర్చు రెట్టింపు అవుతుందేమో అనుకోకండి, ఎటూ కొట్టం ఒకటే, మండ కోసుకొచ్చే మనిషి ఒకరే.

కారు ఎక్కడం గురించి. ఎత్తు కనపడితే ఎక్కడం మేక పుట్టుకలోనే ఉంది, దాన్ని మాన్పించలేరు, వేరే ఎత్తు చూపించాలి. మేము ఇల్లు కట్టగా మిగిలిన బేతంచెర్ల బండలు మెట్లు మెట్లుగా పేర్చి పైన పాత నవారు మంచం పెట్టాం. ఇప్పుడు ఆ మంచం కోసమే రెండూ కొట్టుకుంటాయి, కార్ల జోలికి పోవు. ఇంకో లాభం, గరుకు బండ మీద తిరిగితే గిట్టలు కాస్త అరుగుతాయి. గుట్టల్లో తిరిగే మేకకు ఆ బాధ ఉండదు, ఇంట్లో నున్నటి కడప బండల మీద తిరిగేదానికి గిట్ట పెరిగి లోపలికి మడుచుకుంటుంది, కుంటడం మొదలుపెడుతుంది. నెలన్నర, రెండు నెలలకోసారి కత్తిరించాలి. చిన్నప్పటి నుంచి రోజూ కాళ్లు పట్టుకుని ఎత్తి వదులుతూ అలవాటు చేయండి, లేకపోతే పెద్దయ్యాక ముగ్గురు మనుషులు పట్టుకోవాలి. నున్నటి బండ మీద ఉచ్చ పడితే జారి తొంటి పట్టేస్తుంది కూడా, పడుకునే చోట గోనెలో ఎండుగడ్డో పరచండి.

వాన ఒకటి. చినుకు పడితే మావి ప్రపంచం మునిగిపోయినట్టు చేస్తాయి, నాలుగడుగుల దూరంలో తొట్టి ఉన్నా తడిసి పోవు. తడి నిజంగానే వాటికి పడదు, జలుబు చేసి ఊపిరితిత్తులకు దిగుతుంది, కాబట్టి కొట్టంలో నేల కంటే ఎత్తుగా చెక్క బల్ల వేయండి.

మీ పాప తాళం చెవి సంగతి చదివి నవ్వాగలేదు. దానికో డూప్లికేట్ చేయించుకోండి గానీ పాపకు చెప్పకండి.

పశుమిత్రుడు (కడప జిల్లా, పశువుల ఆసుపత్రిలో పని):

అందరూ ముద్దు కబుర్లు చెప్తున్నారు గానీ నాకు ఆ పోస్టులో గుండె ఆగిన మాట సంగటి, దోశె పిండి. అమ్మగారికి ఈ రోజే చెప్పండి.

మేక పొట్టలో నాలుగు గదులు, అందులో పెద్దది ఎడమ పక్కన ఉంటుంది, అందులో సూక్ష్మజీవులు ఆకూ గడ్డీ పులియబెడితేనే మేకకు తిండి. ఆకు మెల్లగా పులుస్తుంది. అన్నం, సంగటి, జొన్నలు, మొక్కజొన్న గబగబా పులిసి ఆమ్లం అయిపోతాయి, ముందే పులిసిన దోశె పిండి గురించి చెప్పనక్కర్లేదు. రోజూ గుప్పెడు తిని తట్టుకున్న మేకే పండగ రోజు గిన్నెడు తిని తెల్లారేసరికి పడిపోతుంది. పెళ్లి భోజనాల దగ్గర ఎంగిలాకులు తిన్న మేకలు మా దగ్గరికి వచ్చేది ఇందుకే. నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క నొక్కితే పిండిముద్దలా ఉంటుంది, పారుడు (విరేచనాలు) పట్టుకుంటుంది. అప్పుడు వంటసోడా నీళ్లలో కలిపి తాపిస్తూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తడమే. అసలు కడుపు ఉబ్బి డోలులా మోగితే అది వేరే, దానికి శెనక్కాయ నూనె యాభై మిల్లీలీటర్ల దాకా తాపి ముందర కాళ్లు ఎత్తున ఉండేలా నిలబెట్టి నడిపిస్తారు. ఏది తాపినా తల పైకి విరిచి గొంతులో గుమ్మరించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే రోగం కంటే వైద్యమే ముందు చంపుతుంది. పక్క నుంచి, కొంచెం కొంచెంగా.

మామూలు రోజుల్లో చూసుకోవడానికి ఒక పద్ధతి: పిడికిలి ఎడమ డొక్క మీద ఆనించి ఉంచితే నిమిషానికి ఒకటి రెండు సార్లు లోపల అల లేచినట్టు తగులుతుంది. అది తగులుతుంటే, నెమరేస్తుంటే మేక బాగున్నట్టే. జ్వరం చూడాలంటే 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలే, మన లెక్కతో కంగారు పడొద్దు.

సూదుల మాట. చిటుక రోగానికి తొలకరికి ముందు వేయించాలి, మొదటిసారి అయితే రెండు మూడు వారాలకు ఇంకో డోసు, తర్వాత ఏటా. తొలి వానలకు లేచిన పచ్చిక మీద పడి తిన్నప్పుడు, గింజలు ఎక్కువైనప్పుడు ఆ రోగం వస్తుంది, సాయంత్రం బాగున్న పిల్ల పొద్దున లేవదు. రెండోది పీపీఆర్, మన వైపు పారుడు రోగం అంటారు. మూడు నెలలు దాటాక ఒక్క సూది వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతుంది. ఇది మన దేశంలో 1987లో తమిళనాడులో మొదట గుర్తించిన జబ్బు, పశువుల ముసర వ్యాధికి దగ్గరి చుట్టం. ముసర వ్యాధి 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది, దీన్నీ 2030 నాటికి అలాగే తుడిచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు, అందుకే ప్రభుత్వ టీకా కార్యక్రమాలు నడుస్తున్నాయి. ఇంట్లో ఒక్క మేకే కదా అని వదిలేయొద్దు, అత్తగారి ఊరికి తీసుకెళ్తే మందలో కలుస్తుంది కదా. నట్టల మందు క్యాలెండర్ చూసి కాదు, కంటి కింది రెప్ప మడిచి చూసి వేయాలి, లోపల ఎర్రగా ఉంటే సరే, పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం పీల్చే నట్టలు ఉన్నట్టు. డోసు బరువును బట్టి, కాబట్టి ఆసుపత్రిలో అడిగి వేయండి. రాలేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది.

విత్తుల మాట: పెంపుడుకు ఉంచుకునేటట్టయితే కొట్టించాల్సిందే, దానికి రెండో మాట లేదు. పోతు ఈడుకు వచ్చాక తన గడ్డం మీద, ముందర కాళ్ల మీద తనే ఉచ్చ పోసుకుంటాడు, కొమ్ముల వెనక గ్రంథుల వాసన దానికి తోడు, ఆ వాసన ఆడమేకలకు ఇష్టం గానీ మీ ఆవిడకు ఇష్టం ఉండదు. కానీ తొందరపడొద్దు. చాలా చిన్నప్పుడే చేస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోయి తర్వాత రాళ్లు ఇరుక్కుంటాయి. ఐదో నెల దాటాక చేయించండి, ధనుర్వాతం సూది కూడా అడగండి.

గుట్టకింద_మంద:

పశుమిత్రుడు సారు చెప్పిన మేత మాట వెయ్యిపాళ్లు నిజం. విత్తుల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మా దగ్గర రెండో నెలలోనే కొట్టిస్తాం, లేకపోతే మూడు నాలుగు నెలలకే చెల్లెలి మీదకు, తల్లి మీదకు ఎక్కుతాయి. రాళ్లతో చచ్చింది మా మందలో నేను చూడలేదు.

పశుమిత్రుడు:

మీ మందలో చూడరు అన్నా, మీవి రోజంతా గుట్టెక్కి ఆకు తిని నాలుగు చోట్ల నీళ్లు తాగుతాయి, రెండేళ్లు నిండకుండానే అమ్మేస్తారు కూడా. రాళ్లు వచ్చేది ఇంట్లో కట్టేసి తవుడు, గింజలు పెట్టి పదేళ్లు సాకే పోతులకు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, అది మగదాని మూత్రంలో ఇసుకలా దిగుతుంది. మంద లెక్క వేరు, పెంపుడు లెక్క వేరు. ఉచ్చకు వంగి నిలబడి, ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే ఆ రోజే తీసుకురావాలి, రేపు చూద్దాం అంటే కుదరదు.

గుట్టకింద_మంద:

ఆ మాట ఒప్పుకుంటా. మావి ముసలివయ్యేదాకా ఉండవు, నిజమే.

పాతూరు_నాయన:

అందరికీ థ్యాంక్స్. సంగటి ఆపేశాం, మా అమ్మ అలిగింది, "నా చేతి ముద్ద తిని ఎవడూ చావలేదు" అంటోంది, ఆమెకు పశుమిత్రుడు గారి పోస్టు చదివి వినిపించా. ఇప్పుడు వాడు గిన్నె దగ్గర నిలబడి ఆమె మొహంలోకి చూస్తుంటే ఇద్దరికీ బాధగానే ఉంది. మండ పైన కట్టాక మాత్రం పుల్ల మిగలడం లేదు, ఆ చిట్కా వంద రూపాయల చిట్కా.

కుమ్మడం గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. విత్తులు కొట్టిస్తే అదే పోతుందా? ఇంకోటి, సంగటి బదులు ఏం పెట్టాలి? టౌన్లో రోజూ మండ ఎక్కడ దొరుకుతుంది?

మిద్దెమీద_మేకలు:

కుమ్మడం కొంతే పోతుంది. పిల్లలు నుదురు పట్టుకుని నెట్టడం మాన్పించకపోతే విత్తులు లేకపోయినా కుమ్ముతాడు, ఎందుకంటే నుదురు నెట్టడం అంటే మేకల్లో కుస్తీకి రమ్మని పిలవడం. మీ అబ్బాయి రోజూ పిలిచాడు, అది వస్తోంది. ఇకమీదట నుదురు ముట్టొద్దు, గొంతు కింద, రొమ్ము దగ్గర గోకండి. కొమ్ము పట్టుకుని లాగొద్దు. లేచి వచ్చినప్పుడు వెనక్కి పరుగెత్తితే గెలిచినట్టు లెక్క, తిరిగి నెట్టితే ఆట సాగినట్టు లెక్క. పక్కకు తప్పుకుని నీళ్ల పిచికారీతో మొహం మీద కొట్టండి, తడి అంటే వాటికి ఎంత మంటో చెప్పాను కదా. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి, ఒకరు ఆడి ఒకరు కొడితే దానికి ఏమీ అర్థం కాదు. పీకతో పెరిగిన పోతులకు మనిషంటే భయం ఉండదు, మందలో పెరిగినదాని కంటే ఇవే ఎక్కువ మీదకొస్తాయి, కాబట్టి అశ్రద్ధ చేయకండి, అమ్మగారు పెద్దావిడ.

గుట్టకింద_మంద:

మేతకు కరువేంది అన్నా. అవిసె, సుబాబుల్, మునగ, రావి, రేగు, తుమ్మ, ఏదైనా తింటాడు, రోజుకో రకం మారిస్తే ఇంకా ఇష్టం. సుబాబుల్ ఒక్కటే రోజూ పెడితే మాత్రం వెంట్రుక రాలుతుంది, మిగతావాటితో కలపండి. ఎండుమేతకు శెనక్కాయ కట్టె (కాయలు తీసేసిన ఎండు చెట్టు), దాన్ని మించింది లేదు, బుడ్డలు పెరికే కాలంలో అత్తగారి ఊరి నుంచి ఒక ట్రాలీ తెచ్చి తడవకుండా వామి వేసుకుంటే మీకు ఒక మేకకు ఏడాది వస్తుంది. బూజు పట్టిన కట్టె పెట్టొద్దు. కంది పొట్టు కూడా మంచిదే. ఒక ఉప్పు ఇటుక కొట్టంలో వేలాడదీయండి. పొద్దున మంచు ఆరకముందు గడ్డిలోకి వదలొద్దు, నట్టల పిల్లలు ఆ తడి పట్టుకునే గడ్డి కొసకు ఎక్కుతాయి.

జొన్న చేను కోసిన తర్వాత మోడుకు వచ్చే పిలక ఉంటుంది చూడండి, వానలేక వాడిపోయిన లేత జొన్న కూడా, వాటిలోకి పోనిస్తే నాము, అంటే ఆ జొన్నలోని విషం, తగులుతుంది, నిమిషాల్లో పడిపోతాయి. మీరు టౌన్లో ఉన్నారు కాబట్టి అంతకంటే ముందు భయపడాల్సింది గన్నేరు. రోడ్డు మధ్య డివైడర్లలో ఎర్ర పూలు, తెల్ల పూలు ఉంటాయే, అవే. కొన్ని ఆకులు చాలు, గుండె ఆగిపోతుంది. పాప తాడు పట్టుకుని రోడ్డు మీద తిప్పుతుందేమో, ఆ చెట్టు దానికి చూపించి పెట్టండి. ఆముదం చెట్టు కూడా.

పాతూరు_నాయన:

మా వీధి చివర డివైడర్ నిండా గన్నేరే. ఈ రోజు సాయంత్రమే పాపకు చూపిస్తా.

రెండోదాన్ని తెద్దామని అనుకున్నాం, ఆవిడ కూడా ఒప్పుకుంది, పాలు వస్తాయి కదా ఆడదాన్నే తెమ్మంటోంది. అత్తగారి మందలో నల్లోడి ఈడు ఆడపిల్ల ఒకటి ఉంది. తేవొచ్చా?

పశుమిత్రుడు:

తేవొచ్చు గానీ ముందు నల్లోడికి చేయించి, ఆ తర్వాత నెల, నెలన్నర ఆగి తెచ్చుకోండి. చేసిన వెంటనే కూడా కొన్ని వారాలు కట్టించే శక్తి మిగిలి ఉంటుంది. ఇప్పుడే కలిపితే ఆ పిల్ల ఏడెనిమిది నెలలకే చూలు కడుతుంది, ఒళ్లు రాకముందే ఈనితే తల్లీ పిల్లా ఇద్దరికీ కష్టం, ఏడాది దగ్గర పడేదాకా ఆగాలి. పాల కోసమే అయితే ఇంకోటి కూడా లెక్కేసుకోండి, పాలు రావాలంటే ఈనాలి, చూలు ఐదు నెలలు, చాలాసార్లు కవలలు. అంటే రెండు మేకలు నాలుగవుతాయి, అందులో మళ్లీ ఒక పోతు పిల్ల ఉంటే మీ చిన్నాయన మళ్లీ వస్తాడు.

మిద్దెమీద_మేకలు:

పాలు పాకెట్ కొనుక్కోండి. ఇంకో పోతు పిల్లనే తెచ్చి ఇద్దరికీ ఒకేసారి చేయించండి. తెచ్చినదాన్ని రెండు మూడు వారాలు వేరే మూల కట్టి, పారుడు, దగ్గు ఏమీ లేవని చూసుకుని కలపండి. మొదటి రెండు రోజులు తలలు గుద్దుకుంటాయి, మధ్యలోకి వెళ్లకండి, ఎవరు పెద్దో వాళ్లే తేల్చుకుంటారు.

సీమ_కుర్రోడు:

సరే అన్నా, నేను కూర మాట వెనక్కి తీసుకుంటున్నా. మా ఊర్లో ఒకాయన దగ్గర తల్లిలేని పోతు పిల్ల ఒకటి ఉంది, తెల్ల మచ్చలది. కావాలంటే అడుగుతా, కానీ ప్రొద్దుటూరు నుంచి మీరే వచ్చి తీసుకుపోవాల.